బుట్టలో లేని పీత

మా ఎఫాటే దీవిలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఓటు కాగితం ఉంటుంది, దానిమీద గుర్తూ ఫొటో. నచ్చినదాన్ని కవరులో పెట్టి, మిగతావి చెత్తబుట్టలో పడేస్తాం.

పోలింగ్ ముగిసింది. పీత గుర్తు పార్టీ పెట్టి ముప్పై ఏళ్లుగా ఓడుతూ వచ్చిన కల్సావు మావయ్య, బడి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆయన ఏజెంటునైన నేను బుట్టలోకి తొంగిచూసి పరుగెత్తుకొచ్చాను.

“మావయ్యా, బుట్టలో నీ కాగితం ఒక్కటీ లేదు!”

“అంటే, ఊరు ఊరంతా మనకేనా?” కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ నడిచాడు.

“కాస్త కుదురుగా ఉండు, నీ తిరుగుడుకి నేల అరిగిపోతోంది,” అన్నాను గానీ, నాకూ కాలు నిలవలేదు.

లెక్క తేలింది. రెండు ఓట్లు.

ఇంటికి నడుస్తుంటే ప్రతి గుమ్మంలోంచీ గోడకు అంటించిన ఓటు కాగితం మీది ఆయన మొహమే కనిపించింది. వాకిట్లో కంద తురుముతున్న ముసలమ్మను ఆయన నిలదీశాడు.

“నన్ను గోడకెక్కించి, ఓటు అవతలి పార్టీవాళ్లకేశారా?”

“వాళ్లు నీళ్ల ట్యాంకు కట్టిస్తామన్నారు మాస్టారూ. అలాగని మా పిల్లలకి అక్షరాలు నేర్పిన మిమ్మల్ని చెత్తలో పడేస్తామా?”

మావయ్య మళ్లీ నడక సాగించాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

“పోనీలేవే. నాదొకటి, నీదొకటి. పార్టీ ఇంకా ఉంది.”

తలూపాను. ఆ రెండో ఓటు ఎవరిదో నాకు తెలియదు. నా చంకలోని బైబిల్లో ఆయన ఫొటో ఉన్న నా ఓటు కాగితం, మడత పడకుండా ఉంది.