ముల్లు లేని జెల్ల

కొల్లేరు గట్టున ప్రతి వంటింట్లోకీ చేపల పెట్టె వచ్చాక వలలు గోడెక్కాయి. మీట నొక్కి చేప పేరు చెబితే చాలు, అన్నం ఉడికేలోగా లోపల మాంసం పెరిగి సిద్ధంగా ఉంటుంది. మందులు కలిసిన నీళ్లలో మీసాల జెల్ల చేపలు ఏనాడో కనుమరుగయ్యాయి గనుక, మొగుడి సంవత్సరీకానికి ముసలి పేరంటాలు కూడా ఆ పెట్టెనే అడగాల్సి వచ్చింది. జెల్ల పులుసు లేకపోతే ఆయన విస్తరి ముట్టడని ఆమె నమ్మకం.

వేలెడేసి ముక్కలు బయటికి రాగానే, అలవాటు కొద్దీ వాటిని గరుకు రాతి మీద పోసి, ఉప్పు చల్లి, జిగురు పోయేలా రుద్దింది. అవి కాస్తా పిండిముద్దయిపోయాయి.

"దానికి తోలూ లేదు, జిగురూ లేదత్తా. ఇంకా నయం, మీసాలు పీకలేదు," అంటూ కోడలు భవాని నవ్వాపుకుని మళ్లీ మీట నొక్కింది.

"నవ్వవే, నవ్వు. జెల్ల ముల్లు గుచ్చుకుంటే తెల్లార్లూ ఏడ్చేవోళ్లం. పొద్దున్నే మళ్లీ దాని కోసమే నీళ్లలో దిగేవోళ్లం."

రెండోసారి వచ్చినవాటిని మామిడికాయేసి వండారు. వాసన అచ్చం అదే. పేరంటాలు పటం ముందు విస్తరి వేసి, అన్నంలో పులుసు కలిపి, ముక్కను వేళ్లతో విప్పింది. చూపు పోయిన చివరి ఏళ్లలో ఆయనకు ఒక్కో ముల్లూ తీసి, ముద్ద చేసి నోటికందించింది ఆమే. వేళ్లు ముక్కంతా తడిమాయి. ఎక్కడా ఏమీ తగల్లేదు.

"ఏంటత్తా ఎతుకుతున్నావ్? ముళ్లుండవుగా," అంది భవాని.

"ఉండవులే," అంది పేరంటాలు. "ఇంక మీ మావ సొంతంగానే తినేయొచ్చు."

అన్నదే గాని, విస్తరి మీంచి చెయ్యి తీయలేదు.