ఆవిడ మొక్కు

కొండ కింద బస్సు ఆగింది. అందరూ దిగాక తాత దిగాడు. దారిలో మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకును ఆయన కుడికాలు తొక్కుతూనే ఉంది. ఇరవయ్యారేళ్ళు ఇదే దారిలో బస్సు నడిపిన కాలు అది.

అన్నేళ్ళలో లక్షలమందిని ఈ కొండ కింద దింపాడు. తను మాత్రం ఒక్క మెట్టూ ఎక్కలేదు. జనం గుడికి వెళ్ళొచ్చేదాకా వెనక సీట్లో కాళ్ళు చాపుకుని నిద్రపోయేవాడు. “పైన నిజంగా ఎవరన్నా ఉంటే, విసుగెత్తి ఈపాటికి మన బస్సే ఎక్కి వెళ్ళిపోయేవాడు” అని కండక్టరుతో అనేవాడు.

టీ కొట్టతను గుర్తుపట్టాడు.

“ఏంటి డ్రైవరుగారూ, మెట్లవైపు నడుస్తున్నారు? పైదాకా వ్యాన్లున్నాయి కదా ఇప్పుడు.”

“నడిచే ఎక్కాలట. మా ఆవిడ మొక్కు.”

“మొక్కు ఆవిడది, ఎక్కేది మీరా?”

“మా కాపురమంతా అంతే” అన్నాడు తాత. టీ సగంలోనే వదిలేసి లేచాడు.

రెండేళ్ళ కిందట ఓ పొద్దున గడ్డం గీసుకుంటూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మూడో రోజు పెద్ద డాక్టరు కొడుకుని పక్కకు పిలిచి, రావలసినవాళ్ళని రమ్మనమన్నాడట. ఆవిడ మాత్రం వరండాలో ప్లాస్టిక్ కుర్చీని కొండ ఉన్న దిక్కుకు తిప్పుకుని కూర్చుందట. ఎవరెంత చెప్పినా లేవలేదట.

ఇంటికొచ్చాక ఆవిడే చెప్పింది.

“ఓ మొక్కు మొక్కుకున్నాను. మెట్లెక్కి చెల్లించాల్సింది మాత్రం మీరే.”

“కోసింది డాక్టరు. కుట్టింది డాక్టరు. మధ్యలో మీ దేవుడి వాటా ఏంటి?”

“వెటకారాలు తర్వాత. ఎక్కుతారా, లేదా?”

సరేనన్నాడు. ఆ తర్వాత, ఎప్పుడు వెళ్తారని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. మొక్కేమిటో కూడా మొన్నమొన్నటిదాకా చెప్పలేదు.

ఈ పొద్దున కొడుకు అడ్డుపడ్డాడు.

“ఈ గుండెతో మెట్లేంటి నాన్నా? కార్లో తీసుకెళ్తాను.”

“మాటిచ్చాన్రా.”

“మీకసలు నమ్మకమే లేదు కదా.”

“లేనిది దేవుడి మీద. మీ అమ్మ మీద కాదు.”

తొమ్మిదేళ్ళ మనవరాలు మాత్రల డబ్బా, నీళ్ళ సీసా సంచిలో సర్ది తాత భుజానికి తగిలించింది.

“అక్కడ దేవుడితో దెబ్బలాడకు తాతయ్యా.”

“అంత ఓపికేదమ్మా” అన్నాడు.

మెట్లు నిటారుగా ఉన్నాయి. ఇరవై ఎక్కడం, కూలబడడం. మళ్ళీ ఇరవై. తర్వాత పది. ఒకచోట నాలుక కింద మాత్ర పెట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు. పక్కనుంచి పడుచువాళ్ళు చకచకా ఎక్కిపోతున్నారు. ఒకావిడ ఆగి, “పడతారు జాగ్రత్త, కర్రైనా తెచ్చుకోవాల్సింది” అని చెప్పి వెళ్ళింది.

కింద బస్సు హారన్ మోగింది. బయలుదేరబోతోంది. దిగిపోవడం తేలిక. దిగిపోతే అడిగేవాళ్ళూ లేరు. తాత చాలాసేపు కిందికి చూస్తూ కూర్చున్నాడు. చివరికి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, పైకే తిరిగాడు.

పైకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పూజారి కూడా పెద్దాయనే. తలుపు మూయబోతూ ఆగాడు. తాత చేతులు జోడించలేదు. గడప ఇవతలే చతికిలబడి, ఊపిరి అందేదాకా లోపలి చీకట్లోకి చూశాడు.

“మొక్కు చెల్లించడానికొచ్చాను. మా ఆవిడది.”

“తీరిందా?”

“తీరింది.”

పూజారి చూపు తాత చొక్కా మీద పడింది. రెండో బొత్తాం ఊడిపోయింది. ఆ సందులోంచి ఛాతీ మీద కుట్ల గీత కనిపిస్తోంది.

“అర్థమైంది. మీ ప్రాణం నిలబెట్టమని మొక్కుకుని ఉంటారు. అదృష్టవంతులు మీరు.”

తాత అడ్డంగా తలూపాడు.

“‘ఈయన కంటే ముందు నన్ను తీసుకుపో’ అని మొక్కుకుందండీ” అన్నాడు.