మూసెయ్యమనే మనిషి

"అన్నా, ఆ డిజైన్ల ప్రోగ్రాం మూసెయ్యి."

భుజాన సంచితో గుమ్మంలో నిలబడ్డాడు నల్లచొక్కా మనిషి.

ధర్మవరంలో పట్టుచీరలకు కంప్యూటర్‌పై డిజైన్లు గీసే జయచంద్ర మౌస్ వదలకుండానే తల తిప్పాడు.

"మళ్ళీ వచ్చినావా? టీ కావల్లనా?"

"వద్దన్నా. సేవ్ చేసి, మూసి, కంప్యూటర్ ఆపెయ్యి. మధ్యలో ఆగిపోతే నీ సెట్టింగులు చెడిపోతాయి."

చెప్పేసి వెళ్ళిపోయాడు.

సెట్టింగులంటే జయచంద్ర ప్రాణం. ఏ మగ్గానికి ఎన్ని పోగులు, ఏ రంగుకు ఏ నంబరు, అన్నీ ఆ ఒక్క ఫైల్లోనే. పని జరిగినంతసేపూ ప్రోగ్రాం దాన్ని రాసుకుంటూనే ఉంటుంది.

సణుక్కుంటూ మూశాడు.

రెండు నిమిషాలకు కరెంటు పోయింది.

అంగట్లో యూపీఎస్ ఉంది గానీ, దాని ఊపిరి పోయి ఏడాదైంది.

నెలలో ఇది ఆరోసారి. ఆయన రావడం, కరెంటు పోవడం.

ఏడోసారి జయచంద్ర లేచి నిలబడ్డాడు.

"ఏమబ్బా, నీది నోరా, మెయిన్ స్విచ్చా? నువ్వు నోరు తెరిస్తే మా వీధంతా మూత!"

"అది కాదన్నా..."

"ఏదీ కాదు. ముందు దీన్ని మూసేస్తా, తర్వాత నువ్వు నోరు మూసెయ్. ఇంగ ఈడికి రావొద్దు."

ఆయన నవ్వాడు. "సరేలే అన్నా."

మంగళవారం ఆయన రాలేదు. కరెంటు మాత్రం పోయింది.

కరెంటు తిరిగి వచ్చాక చూస్తే ప్రోగ్రాంలో రంగులన్నీ బూడిద. మగ్గాల పేర్లు మాయం.

ప్రోగ్రాం అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే సంగీత అనే అమ్మాయి ఎత్తింది.

"ఫైలు రాసుకుంటుండగా కరెంటు పోయింది సార్. సగమే మిగిలింది. కాపీ ఉందా?"

"నాకు కాఫీయే దిక్కులేదమ్మా, ఇంక కాపీనా!"

"అయితే అన్నీ మళ్ళీ పెట్టుకోవాలి. ఈసారి కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో దాచండి."

అంతలో నేతపని చేసే యల్లక్క వచ్చింది.

"డిజైన్ యాడప్పా? పెండ్లిచీర. మగ్గం ఊరికే కూర్చోని ఉండాది."

"రెండు దినాలు ఆగక్కా. ఆ నల్లచొక్కావోని పాదం మహిమ!"

"ఆయప్ప వచ్చిన దినాల్లో నీ ఫైలు ఎప్పుడన్నా చెడిందా?"

జయచంద్ర వేళ్ళు మడిచాడు. ఏడుసార్లు. ఒక్కసారీ చెడలేదు.

రెండురోజులు కూర్చుని, నంబరు నంబరూ మళ్ళీ ఎక్కించాడు. పెన్‌డ్రైవ్‌లో కాపీ దాచాడు. డిజైన్ అందుకున్న యల్లక్క ముఖం పట్టులా మెరిసింది. సాయంత్రానికి ఆమె మగ్గం చప్పుడు వీధిలోకి వినబడింది.

ఆ చప్పుడు వింటూ ఉంటే జయచంద్రకు ఆ నల్లచొక్కా మనిషికో టీ పోయించాలనిపించింది. కంప్యూటర్ పద్ధతిగా మూసి, చెప్పులేసుకున్నాడు.

ఫ్యాను ఆగిపోయింది. మళ్ళీ కరెంటు పోయింది.

వీధి మలుపులో టీకొట్టు నరేష్‌ను అడిగాడు.

"ఏమప్పా, నల్లచొక్కా, భుజాన సంచి, ఎప్పుడూ నవ్వుతా ఉంటాడు. చూసినావా?"

"తిమ్మరాజన్ననా? పైకి చూడు."

నడుముకు తాడు కట్టుకుని, కరెంటు స్తంభం మీద పాత తీగలు విప్పుతూ, కరెంటు ఆపే ముందు ప్రతిసారీ తన గుమ్మం దాకా నడిచొచ్చి చెప్పిపోయిన ఆ వీధి లైన్‌మన్ కిందికి చూసి నవ్వుతున్నాడు.