ఒడ్డెక్కిన ఎండ్రకాయలు

"అక్కా, చూడు! అవే నడిచొస్తాండాయి!"

పట్టపగలే వంకలోంచి ఎండ్రకాయలు ఒడ్డెక్కుతున్నాయి. సుంకమ్మ వాటిని గంపలోకి ఏరుకుంటోంది. కరువుకు ఆమె ఇంట్లో గింజ లేదు.

కాస్త ఎగువన హనుమమ్మ, యుద్ధంలోని పటాలానికి పోయే ఖాకీ నూలుకు రంగేసి, మిగిలిన మైలుతుత్తం నీళ్లు వంకలోకి వంపుతోంది.

"నువ్వూ రెండు తీసుకో అక్కా."

"వద్దు. మేము ఈ వంకవి తినం."

"ఏమిటికి? పోయినేడు నువ్వే పట్టుకొని పోతాంటివి గదా?"

హనుమమ్మ ఇంకో కుండ రంగునీళ్లు వంకలోకి వంపింది.

సుంకమ్మ గంపలోకి చూసింది. ఎండ్రకాయలు కాళ్లు ముడుచుకుని కదలకుండా పడున్నాయి.

"నిన్న పాపకు ఇవే వండిపెట్టినా. తెల్లార్లూ కక్కుతానే ఉండాది. నీ రంగునీళ్లేనా అక్కా?"

"ఊర్లో నోరిప్పినావంటే మీ మగ్గానికి నూలు రాదు, సుంకీ. నూలిచ్చేది మా ఆయనే, ఆయన సంగతి నీకు తెల్సు."

సుంకమ్మ ఇంటి దిక్కు చూసింది. పాపతో పాటు ఇంకో ఇద్దరు పిల్లలు ఆకలితో ఇంట్లో ఎదురుచూస్తున్నారు.

"బాగా ఉడకబెడితే విషం పోతాదా అక్కా?"

పోదని హనుమమ్మకు తెలుసు.

"పోతాది" అంది, నూలు పిండుతూ.

సుంకమ్మ మళ్లీ వంగి ఏరుకోసాగింది.