పదో నంబరు

గోవిందరాజులు గోడకు అంటించిన కాగితం ముందు ఒక ముసలాయన నిలబడి పైకి చదువుతున్నాడు.

"సున్నా, పని అయింది. ఒకటి, పేరు దొరకలేదు. రెండు, సరుకు లేదు..."

అది 1988 జూన్. పెనుకొండలో ఒక విత్తన సంఘం ఆఫీసు. ఆ ఏడు నుంచి కంప్యూటర్ చీటీ ఉంటేనే విత్తన చెనిక్కాయ. మనిషికి నాలుగు మూటలు.

ప్రోగ్రాం రాసింది గోవిందరాజులు. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టి, బెంగళూరు కంపెనీలో చేరినవాడు. ఏ పని చెప్పినా యంత్రం చివర ఒక నంబరు చూపిస్తుంది. ఆ నంబరుకు అర్థం గోడమీది కాగితంలో ఉంది. దానిమీద సెక్రటరీ గంగాధరప్ప సంతకం పడితేనే చీటీలు మొదలవుతాయి.

బయట వాన పడింది. నేలలో పదును ఆరకముందే విత్తనం పడాలి.

"పని అయితే సున్నానా? బాగా చేసినోనికి సున్నా మార్కులేందప్పా?" అన్నాడు గంగాధరప్ప.

"కంప్యూటర్లలో అంతే సార్."

"ఇన్ని నంబర్లు ఎవురికి గుర్తుంటాయి? అయింది, కాలేదు. రెండు చాలు."

"ఎందుకు కాలేదో తెలియాలి కదా సార్."

"తెలిసి ఏం చేస్తావు? కాలేదంటే మళ్లా కొడతాం. అయ్యేదాకా కొడతాం."

రెండు రోజుల వాదన తరువాత రాజీ కుదిరింది. నంబర్లు తొమ్మిది దాకా ఉంటాయి. కాగితం కింద ఒక వాక్యం చేరింది: సున్నా కాకుంటే మళ్లీ చేయండి. గంగాధరప్ప సంతకం పెట్టాడు.

గోవిందరాజులు ఊపిరి పీల్చుకున్నాడు. రెండు రోజులూ వచ్చి ఆ కాగితమే చదువుతున్న ముసలాయన అప్పుడు వెనక్కి తిరిగాడు.

"ఏమప్పా, దీంట్లో ఒకటి తక్కువుండాదే."

"ఏం తక్కువ తాతా?"

"అయిందంటావు. కాలేదంటావు. అయిందో కాలేదో తెలీకపోతే?"

"యంత్రానికి తెలుస్తుంది."

"నడిమధ్యలో కరెంటు పోతే?"

"తొమ్మిది వస్తుంది. ఇతర కారణాలు. మళ్లీ చేయాలి."

"మళ్లీ చేయకూడదప్పా. ముందు పోయి కండ్లతో చూడాల."

ఆయన పేరు లాల్‌సాబ్. ఊరి చివర రెండెకరాలు. ఆ రోజే ఆయన చీటీ వచ్చింది, మూటలు అందాయి. మరునాడు పొద్దున మళ్లీ బెంచీమీద ఉన్నాడు.

"నీ మూటలు అందినాయి కదా? ఇంకా ఏం పని?" అన్నాడు గోవిందరాజులు.

"నాకేం పని లేదు. నీ కాగితం పనిమీద వచ్చినా."

చీటీలు కొట్టే కమలాక్షి నవ్వింది. "సార్, తాతకు మంచినీళ్లు ఇయ్యమంటారా, ఉద్యోగం ఇయ్యమంటారా?"

మూడోరోజు గోవిందరాజులు వచ్చేసరికి కాగితం అడుగున పెన్సిలుతో ఒక వరుస ఉంది.

10. అయిందో కాలేదో తెలీదు. ముట్టుకోవద్దు. పోయి చూడు.

గోవిందరాజులు ఆ కాగితం పీకేశాడు. ఇంకొకటి అంటించాడు.

"తెలీనిదానికి నంబరేంది తాతా? ఆయనేమో రెండు చాలంటాడు, నువ్వేమో పది అంటావు. నన్ను బతకనిస్తారా? ఇంటికి పో."

"పోతాలేప్పా. అదొక్కటి రాసుకో."

"వాచ్‌మన్‌ను పిలవమంటావా?"

లాల్‌సాబ్ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఆ తరువాత రాలేదు.

గురువారం కరెంటు ఏడుసార్లు పోయింది. ఏడుసార్లూ చీటీ మధ్యలోనే పోయింది. కరెంటు వచ్చాక ఏడుసార్లూ తొమ్మిది కనిపించింది. కమలాక్షి ఏడుసార్లూ మళ్లీ చేసింది. కరెంటు పోకముందే యంత్రం తన లెక్కలో మూటలు తగ్గించేసిందని ఆమెకు తెలియదు. మళ్లీ చేసినప్పుడు అవే మూటలు రెండోసారి తగ్గాయి.

శుక్రవారం మధ్యాహ్నం కొత్తచెరువు నుంచి హసీనాబీ వచ్చింది. యంత్రం రెండు చూపించింది.

"సరుకు లేదమ్మా," అంది కమలాక్షి.

హసీనాబీ పక్క గదిలోకి వేలు చూపింది. "ఆ కనపడేవి ఏంది?"

"మూటలే. కంప్యూటర్లో లేవు."

"నేనేమన్నా కంప్యూటర్లో విత్తుతానా తల్లీ?"

చీటీ లేకుండా మూట కదలడానికి వీల్లేదన్నాడు గంగాధరప్ప. హసీనాబీ బస్టాండుకు పోయింది. ఆమె వెనక ఉన్న ఆరుగురూ పోయారు.

రిజిస్టరుకూ యంత్రానికీ తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకోవడానికి ఆరు రోజులు పట్టింది. గదిలో ఉండి యంత్రంలో లేనివి ఇరవై ఎనిమిది మూటలు. ఏడుగురికీ కబురు పోయింది.

హసీనాబీ నుంచి తిరుగు కబురు వచ్చింది: పదును ఆరిపోయింది. ఈ ఏడు సేను బీడే. మూటలు మీరే పెట్టుకోండి.

ఆ సాయంత్రం గోవిందరాజులు పదో నంబరు రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకొని లాల్‌సాబ్ ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. ఆయన లేడు. భార్య దౌలత్‌బీ వాకిట్లో చేట పట్టుకొని కూర్చుంది.

"ఆయన చెప్పిన నంబరు రాసుకున్నా అవ్వా. ఆయనకు చెప్పు."

"చెప్తాలే నాయనా."

"ఆయనకు కంప్యూటర్ సంగతి ఎట్లా తెలుసు?"

"కంప్యూటర్ ఏం తెలుసు ఆయనకు? గనిలో పని చేసినాడు. మనుషుల్ని లోపలికి దించే యంత్రం, పైకి లాగే యంత్రం ఆయన చేతిలో ఉండేది. కింద తాడు గుంజితే పైన గంట మోగుతాది. రెండైతే లాగాల. మూడైతే దించాల."

దౌలత్‌బీ చేట పక్కన పెట్టింది.

"ఒక దినం రెండు మోగినాక గంట తాడు తెగింది. అంతటితో ఆపినారో, మూడోది కొట్టబోయినారో తెలీలా."

"ఏం చేసినాడు?"

"లాగినాడు. దించాల్సింది. కింద గంట కొట్టింది మా పెద్దోడు నాయనా. పొద్దున ఇద్దరికీ ఒకటే సద్ది కట్టి పంపినా, సాయంత్రం ఆయనొక్కడే వచ్చినాడు."