తుప్పు వదిలిన బండి

“ఎంత పనిజేస్తివన్నా,” అంటూ షెడ్డు గుమ్మంలోనే నిలబడిపోయాడు డ్రైవర్ ఖలీల్.

చిన్నపుల్లయ్య చేతిలో వైరు బ్రష్షు అలాగే ఉండిపోయింది. పొద్దున్నే కఫీల్, అంటే వీసా ఇచ్చి రప్పించుకున్న అరబ్బు యజమాని, ఫోన్ చేసి, “సాయంత్రం ఆ పాత ఇనప బండి కొనే ఆయన వస్తాడు, శుభ్రంగా పెట్టు” అన్నాడు. రాయచోటి మనిషికి ఇనుము శుభ్రం చెయ్యడమంటే తుప్పు వదలగొట్టడమే కదా. గీకి గీకి బండిని తళతళలాడించి, పైగా మెచ్చుకుంటారనుకున్నాడు పాపం.

“దుమ్ము దులపమంటే తుప్పు గీకుతావా? రైలింజన్లు పుట్టకముందు ఇంగ్లండులో ఏదో ఫౌండ్రీలో పోతపోసిన బండన్నా ఇది. కూలోళ్లు దీన్నిండా ఇనుము ఏసుకోని, పట్టాల మింద చేతుల్తో తోసుకుంటా పోయేటోళ్లంట. పాతకాలం సామాన్లు ఏరుకునేటోళ్లు ఆ తుప్పును చూసే కొనేది.”

చిన్నపుల్లయ్య బ్రష్షు కింద పడేశాడు. కూతురి నర్సింగు చదువంతా కబ్ద్ ఎడారిలోని ఈ తోట జీతం మీదే నడుస్తోంది.

“నన్ను పంపించేస్తాడా ఖలీలూ?”

“పోయినేడు పాత కూజా పగలగొట్టినోడు తెల్లారేసరికి విమానమెక్కినాడు. ఇది కూజా గాదు గదన్నా.”

ఇంకేముంది, చిన్నపుల్లయ్య వంటింట్లోకి పరిగెత్తి ఉప్పు, సిర్కా అనే వెనిగర్ సీసాలు తెచ్చాడు. ఇనుము తొందరగా తుప్పు పట్టాలని రెండూ నీళ్లలో కలిపి బండికంతా పూసి ఎండలోకి తోశాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆరగానే మళ్లీ పూశాడు. కళ్లు మండుతున్నా ఆంజనేయస్వామిని తలుచుకుంటూ పూస్తూనే ఉన్నాడు. పొద్దు వాలేసరికి ఇనుము ఎర్రబారింది; బండిని మళ్లీ షెడ్డులోకి తోశాడు.

కఫీల్‌తో వచ్చిన పెద్దమనిషి కళ్లజోడు సర్దుకుని బండి చుట్టూ తిరిగాడు. చక్రం దగ్గర వంగాడు. సిర్కా వాసన పట్టేశాడేమోనని చిన్నపుల్లయ్య ఊపిరి బిగబట్టాడు. పెద్దమనిషి బేరం ఖాయమన్నట్టు తలాడించి, కఫీల్‌కు చెయ్యి కలిపి కారెక్కి వెళ్లిపోయాడు.

కఫీల్ వెనక్కి వచ్చి షెడ్డు తలుపు మూశాడు. బండిని వేలితో రుద్ది వాసన చూశాడు.

“సిర్కానా?”

చిన్నపుల్లయ్య ఆయన కాళ్ల మీద పడిపోయాడు. “తప్పయిపోయింది బాబా. తెలీక తుప్పంతా గీకేసినా. ఉప్పు, సిర్కా పూసి మళ్లీ తెప్పించినా. నన్ను పంపించొద్దు బాబా.”

కఫీల్ అతన్ని రెక్క పట్టి లేపి, గొంతు బాగా తగ్గించి అడిగాడు:

“నేనూ అవే పూశాను, నాకు నెల పట్టింది. నువ్వు ఒక్క పూటలో ఎట్లా తెచ్చావు?”