అత్తగారి కాటా

చేపల బజార్లో మా అత్త కొన్సోర్సియా కాటా మీద కేజీ చేప కేజీంపావు తూగుతుంది.

ఎలాగని నన్నడక్కండి. నేను ఆ ఇంటి కోడల్ని.

ఇంట్లో కూరకి తెచ్చే చేపని కూడా దాని మీదే తూచి తెస్తుంది. ఎవరెంత మింగుతున్నారో కంచాల దగ్గర లెక్క చెప్పి దెప్పాలి కదా మరి!

నా కొడుకు రోడెల్‌కి రెండు నెలలు. వాడు పుట్టినప్పట్నుంచీ ఆవిడది ఒకటే పాట.

"బజార్లో ఎండకి నిలబడేదాని పాలు విరిగిపోతాయే. చూడు, ఎండుచేపలా ఉన్నాడు పిల్లాడు."

పాలడబ్బా కొని అలమార మీద పెట్టేసింది కూడా. వాడు ఏడ్చినప్పుడల్లా దాని వైపు చూస్తుంది.

నాకు ఒళ్లు మండిపోయేది. లోపల భయం కూడా వేసేది, నిజంగానే నా పాలు చాలట్లేదేమోనని.

హెల్త్ వర్కర్ గ్లెండా అక్క ఒక్కతే నా పక్కన కూర్చుంది. వాడు నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, అప్పుడు రొమ్ముకి పట్టించడం నేర్పింది.

"ఆర్నెల్లూ నీ పాలే. గంజి వద్దు, నీళ్లూ వద్దు," అంది.

"ఈ నెల తూకంలో పెరక్కపోతే డబ్బా తెరుస్తా," అంది అత్త.

ఇవాళ హెల్త్ సెంటర్లో వాణ్ణి గుడ్డ ఉయ్యాల్లో వేసి తూచారు. ఐదు కేజీలు. నెలలో కేజీ పెరిగాడు!

గెంతుకుంటూ చేపల బజారుకొచ్చి అత్తకి చెప్పాను.

"సర్కారు కాటా! దాన్నెవడు నమ్ముతాడు? ఇలా తే వాణ్ణి."

ఆ ఊపులో పళ్లెం కడిగి, గుడ్డ పరిచి, నా కొడుకుని తన కాటా మీద పడుకోబెట్టింది.

ముల్లు గిర్రున తిరిగి ఆరుంపావు దగ్గర ఆగింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. మొహం పాలిపోయింది.

బేరానికొచ్చిన ఇస్కో తాత కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఏంటి కొన్సోర్సియా, అక్కడ ఐదు, నీ దగ్గర ఆరుంపావా? ఎవరి కాటా తప్పంటావ్?"

చుట్టూ జనం చేరారు, చేతుల్లో అత్త తూచిచ్చిన చేపల సంచులతో.

అత్త నా వైపు చూసింది. నేను పైనున్న గొడుగు వైపు చూశాను.

"నా కాటా ఏనాడూ తప్పు చెప్పలేదు!"

"అయితే నీ కోడలి పాలు బ్రహ్మాండమన్నమాట."

అత్త జనం చేతుల్లోని సంచుల వైపు చూసింది.

"బ్రహ్మాండమే," అంది పళ్లు కొరుక్కుంటూ.

ఈలోగా మావాడు పళ్లెంలోనే ఉచ్చ పోసేశాడు.

"ఇప్పుడు తూచు, కాస్త తగ్గుంటాడు," అన్నాడు తాత. బజారంతా గొల్లుమంది.

వాడు ఏడుపందుకున్నాడు. అత్త గొడుగు నా మీదికి జరిపి, చేపలపెట్టె బోర్లించింది.

"గుడ్లప్పగించి చూస్తావేం? కూర్చో. పాలియ్యి."

వాడు తాగి నిద్రపోయాక, ఉన్నవాటిలోకల్లా పెద్ద బంగుస్ చేపని తీసి నా సంచిలో పడేసింది.

"మునగాకేసి చారు కాచుకో, పాలు బాగా పడతాయి. అంతా నువ్వే తాగు. నా కొడుక్కి పెట్టావో, చూడు!"

"మరి డబ్బా?"

"అమ్మినోడి మొహాన కొడతా."

ఆ చేపని మాత్రం తూచలేదు.